బోశెట్టి

మహబూలా క్లినిక్కు ల్యాబులో రాత్రి రెండున్నర.
ఏసీ నీళ్లు బకెట్లో చుక్క చుక్క.
ఇంక్యుబేటర్లో పోశెట్టి మూత్రం చుక్క
ప్లేటు మీద పొదుగుతోంది.
ముప్పై ఏడు డిగ్రీలు. బయటా అంతే.

ఒక్కో కణంలో జంట పోగుల దారం ఒకటే,
చివరల్లేని గాజులా.
ఒకచోట ముడి విడుతుంది.
అక్కణ్ణించి రెండు జట్లు చెరో వైపు,
రౌండబౌట్ చుట్టూ ఎదురెదురుగా తిరిగే డెలివరీ బళ్లలా వెళ్లి
అవతల కలుసుకుంటాయి.
ఒక పోగు జారుడుగా సాగుతుంది.
రెండోది వెనక్కి వెనక్కి, ముక్కలు ముక్కలుగా;
ఆనక ఎవరో కుట్టుకొస్తారు.
ప్రతి బిడ్డకీ ఒక పాత పోగు, ఒక కొత్త పోగు.
ఇరవై నిమిషాలు. మళ్లీ.

ఎంజైములు చదువుతూ రాస్తాయి, రాసింది మళ్లీ చదువుతాయి,
తప్పైతే చెరిపి దిద్దుతాయి.
అయినా కోట్లలో ఒకటి జారుతుంది.

టైపింగ్ సెంటర్లో జారినట్టే.
అరబ్బీలో 'ప' లేదు. ఉన్న అక్షరమే కొట్టాడు కుర్రాడు.
బతాకా మీద బోశెట్టి, బ్యాంకులో బోశెట్టి,
నా సీసా మీదా బోశెట్టి.
తొమ్మిదేళ్లు. ఇప్పుడు 'పోశెట్టీ' అని పిలిస్తే
అతనే ఓ క్షణం ఆగి తిరుగుతాడు.

పొద్దున ప్లేటు తీశాను.
మందు బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఉండాలి.
లేదు. బిళ్లని ఆనుకునే మొలిచాయి.
మందు వచ్చింది, తలుపు మీద పేరు చూసింది,
వీళ్లు కాదనుకుని వెళ్లిపోయింది.

రిపోర్టులో 'పనిచేయదు' అని రాసి
పేరు దగ్గర పెన్ను ఆపాను.
దిద్దితే కంప్యూటర్ ఒప్పుకోదు.
'బ' ఉంచేసి సంతకం పెట్టాను.