పలచని గాలి

సముద్రానికి పదిహేడు వందల మీటర్ల పైన
జొహానెస్‌బర్గ్‌లో గాలి పలచన.
టీ నీళ్ళు తొందరగా మరుగుతాయి,
ఇంజన్లు తొందరగా ఆయాసపడతాయి.
డెస్విన్ ఎర్ర కారుకి కాగితం మీద నూట ముప్పై గుర్రాలు.
సెల్బీలో మా షెడ్డు రోలర్ల మీద కట్టి తోలితే
నూట ఎనిమిదే వచ్చాయి.
"మిగతావి ఎక్కడ మేస్తున్నాయి?" అన్నాడు.
"కేప్‌టౌన్ ఒడ్డున," అన్నాను.
ఆ మాట అనకుండా ఉండాల్సింది.

టర్బో అంటే ఏముంది,
బండి వదిలేసిన ఊపిరితోనే ఓ చక్రం తిప్పి
కొత్త ఊపిరిని దాని గొంతులో కుక్కడం.
అరచేతిలో పట్టే నత్తగుల్ల,
నిమిషానికి లక్ష చుట్లు.
పెట్టె మీద చీటీ: ముప్పై ఎనిమిది వేల రాండ్లు.
పెట్టె మీద రాసేది ఎప్పుడూ మొదటి వాక్యమే.

కుక్కిన గాలి కాగుతుంది,
చల్లార్చడానికి మూతి ముందు ఇంటర్‌కూలర్.
గాలి పెరిగితే పెట్రోలు చాలదు, లావు ఇంజెక్టర్లు.
వాటికి లెక్క చెప్పడానికి కొత్త కంప్యూటర్,
కంప్యూటర్‌కి చదువు చెప్పడానికి నేను, గంటకింతని.
గోచీని ఎలకలు కొరుకుతున్నాయని పిల్లిని,
పిల్లికి పాల కోసం ఆవుని తెచ్చుకున్న సన్యాసి
మా షెడ్డుకి వచ్చుంటే
డెస్విన్ పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టేవాణ్ణి.

ఏప్రిల్‌లో క్లచ్ జారింది.
జూన్‌లో, గడ్డి తెల్లబడే చలిలో,
మూడో సిలిండర్ లోపల్నుంచి ఎవరో గోటితో తట్టినట్టు
టిక్కు, టిక్కు.
నేను విన్నాను. అతనూ విన్నాడు.
ఇద్దరం రేడియో మీదకి నెట్టేశాం.
హెడ్డు విప్పితే పిస్టన్ అంచు
పిల్లలు కొరికి వదిలేసిన బిస్కెట్‌లా ఉంది.

అవ్రిల్ వంటింటి అలమరాలకు తలుపులు రాలేదు.
తెర గుడ్డలు కట్టింది, నిమ్మకాయల బొమ్మలవి.
ఒకసారి షెడ్డుకొచ్చి నా బిల్లుల పుస్తకం తీసి
నిలబడే కూడింది.
నా మొత్తం కంటే ఎక్కువొచ్చింది.
శనివారాలు కూడా కలిపిందట.

పదమూడు నెలలకి, రెండొందల ఇరవై ఆరు.
ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని
ఎల్డొరాడో పార్క్ దాకా తోలాడు.
పసుప్పచ్చ గని దిబ్బలు వెనక్కి పడిపోయాయి.
కాలు నొక్కితే అరక్షణం ఏమీ లేదు,
అప్పడిగితే జేబులు తడుముకునేవాడిలా.
తర్వాత వీపు మీద గుద్దు.
ఇద్దరం పిచ్చిగా నవ్వాం.
అబద్ధమెందుకు, ఆ నవ్వు చాలా ఖరీదే చేస్తుంది.

ఇంటి ముందు ఆగాం. గేటు మూసి ఉంది.
"రోషెల్ తీస్తుంది," అన్నాడు.
ఇదివరకు మూడు వీధుల అవతల మలుపులో
సైలెన్సర్ గొంతు పైకి లేవగానే
తొమ్మిదేళ్ళ పిల్ల పుస్తకం పడేసి పరిగెత్తేదట,
కారొచ్చేసరికి గేటు బార్లా తీసి, ఒక సెల్యూట్.
ఇప్పుడా గొంతుని టర్బో చక్రం మింగేసింది.
మిగిలింది సన్నటి ఈల,
పక్కింటి కెటిల్ అనుకుంటారెవరైనా.

రెండు నిమిషాలు చూశాం.
"ఇంజన్ చల్లారనివ్వాలి కదా," అన్నాడు.
టర్బోకి అది నిజమే కూడా.
కిటికీలో టీవీ నీలం వెలుగు కదిలింది.
రెండొందల ఇరవై ఆరు గుర్రాలు
గేటు ముందు నిలబడి ఉన్నాయి.
హారన్ మీద చెయ్యి పెట్టాడు,
నొక్కలేదు.
"ఆ పాత పైపు ఇంకా ఉందా నీ దగ్గర?"

పోయిన వారమే తుక్కు కింద అమ్మేశాను,
కిలో నాలుగు రాండ్లకి.
"వెతుకుతాను," అన్నాను.