హెరాల్డుకి జాకెట్టు

ఈ బండికి బానెట్టు ఎత్తడం ఉండదు.
ముఖం మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకి వాలిపోతుంది,
పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచిన పిల్లాడిలా.
లోపల ఎలక గూడు. గూట్లో
ఎవరిదో శుభలేఖ ముక్కలు, అంచుల పసుపు ఇంకా పోలేదు.

కింతలి గవరయ్య తుక్కు తూకానికే అమ్మాడు.
కిలోల లెక్కన కారు కొన్నవాణ్ణి
ఆమదాలవలసలో నేనొక్కణ్ణే అనుకుంటాను.
"రెండు తలుపుల కారేటి? ఎనకోడు ఎలగెక్కుతాడు?"
అంది దాలమ్మ, కుట్టు మిషను మీంచి తలెత్తకుండా.
షెడ్డు ఆవిడది.
గోడకి ఆనుకుని మిషను, మిషనుకి ఆనుకుని కారు,
మధ్యలో నేను పీతలా అడ్డంగా.

తుప్పుకి మందు మా వాళ్లకి తెలుసు.
సంకిలి నుంచి రెండు డబ్బాల మడ్డి తెచ్చి,
డ్రమ్ములో నీళ్లు కలిపి,
స్ప్రింగులూ కమాను పట్టీలూ ముంచాను.
మూడు వారాలకి ఇనుము బూడిదరంగులో పైకొచ్చింది.
ఆ మూడు వారాలూ పెరడంతా
క్రషింగు సీజను వాసన.
మిల్లు మూసేసిన ఇన్నేళ్లకి
తెల్లారి ఐదింటికి లేచి కూర్చున్నాను
సైరను మోగిందనుకుని.
ముక్కుకి ఎవరూ నోటీసు ఇవ్వలేదు కదా.

పాత ఇంజనుకి నాలుగు సిలిండర్లు,
ఒకదాంట్లో పిస్టను రాయైపోయింది.
దాని చోటికి ఓమ్నీ వ్యానుది, మూడు సిలిండర్లది,
రణస్థలం దగ్గర బోల్తాపడ్డ బండిలోంచి.
గేరుబాక్సు మాత్రం హెరాల్డుదే.
దీని బోల్టు కన్నాలు వేరు, దాని కన్నాలు వేరు.
మధ్యలో ఒక ప్లేటు కావాలి,
ఇద్దరికీ చెరో చెయ్యి ఇచ్చేది.
ఇరవై తొమ్మిదేళ్లు లేతు మీద బతికినవాణ్ణి,
వెర్నియరు పట్టుకుని నాలుగు రాత్రులు కొలిచాను.
నాలుగు రాత్రులకీ నాలుగు లెక్కలు.

ఐదో రాత్రి కరెంటు పోయింది.
దాలమ్మ టార్చి నా చేతిలో పెట్టి,
పాత పేపరు తెచ్చి గేరుబాక్సు మూతికి అద్ది,
అంచు వెంట బొటనవేలితో రుద్దింది.
మసి అంటిన చోట గీత. కన్నం ఉన్న చోట చుక్క.
"ఒంటి మీద టేపెట్టి కొలిస్తే ఊపిరి మారిపోద్ది.
కాయితానికి ఊపిరుండదు," అంది.
ఇంజను మూతికీ అలాగే ఒకటి.
రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి వేసి
నడిమధ్యన గుండుసూది గుచ్చింది,
చంక ముక్క జతచేసినట్టు.

పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటు కోశాను.
నడిమి బుష్షుకి బుడితి ఇత్తడి కల్వం బండ తిప్పాను.
అది ఆవిడ పుట్టింటిది.
అడిగే తీసుకున్నాను,
అడిగానని ఆవిడ ఒప్పుకోదు.
అప్పట్నుంచీ అల్లం రాయితో దంచుతోంది, గట్టిగా.

శ్రీకాకుళం ఆఫీసులో గుమస్తా అద్దాలు పైకి జరిపాడు.
"ఇంజను నంబరు మారింది. పాతదేమైంది?"
"పెరట్లో ఉందండి. మూడు కన్నాల్లో పుదీనా వేశాం.
నాలుగోది రాలేదు."
రాసుకోలేదు. ఆ గడి అంత పెద్దది కాదు.

నిన్న సాయంత్రం అంటుకుంది.
నాలుగు ఉండాల్సిన చోట మూడు,
కుంటుతూ, అయినా ఆగకుండా.
మిషను మీది సూదుల డబ్బా
నడిచి నడిచి బల్ల అంచుకొచ్చింది.
ఆవిడ దాన్ని పట్టుకుని,
ముందు సీటు మడిచి, కుచ్చిళ్లు ఎత్తి,
ఒక కాలు, ఆనక ఇంకో కాలు,
వెనకాల ఎక్కి కూర్చుంది.
"పోనీ."

ఒకటి పడింది. రెండు పడింది. మూడూ నాలుగూ పడ్డాయి.
రివర్సు పడలేదు.
కారు మూతి గోడ వైపుంది.

ఇంజను ఆపబుద్ధి కాలేదు.
దిగి, దాని ముక్కుకి భుజం ఆనించి తోశాను,
వీధిలోకి, వెనక్కి వెనక్కి.
వణుకు భుజంలోంచి పళ్లలోకి వస్తోంది.
ఆవిడ దిగలేదు.
సూదుల డబ్బా ఒళ్లో పెట్టుకుని, మెడ తిప్పి
వెనకద్దంలోంచి రోడ్డు చూస్తోంది.
"ఎనకెవుల్లేరు," అంది. "తొయ్యి."