నీళ్ల తిప్పేస్వామి జీపు

మూడోసారి తోసుకొచ్చినారు దాన్ని
కళ్యాణదుర్గం బైపాసు నుంచి నా అంగడి దాకా.
స్టీరింగు పట్టుకుని తిప్పేస్వామి,
వెనక ముగ్గురు చెనక్కాయ కూలీలు.
"ఏం మాబున్నీ, నిన్న బాగు చేసినానంటివే"
అన్నాడు గాని గొంతులో కోపం లేదు.
కోపాలన్నీ మా నాయనతోనే.
ఆయనతో పాటే సాగనంపినట్టున్నాడు.

అరవై తొమ్మిది నాటి పెట్రోలు జీపు.
టెంకాయ అరచేతిలో పెట్టుకుని
నీళ్లు యాడున్నాయో చెప్పే మనిషిని
నలభై ఏండ్లు మోసింది.
డ్యాష్‌బోర్డు మీద ఇప్పటికీ
జుట్టున్న టెంకాయ ఒకటి దొర్లుతా ఉంటుంది.

సీబీ పాయింట్ల కాలంలో అంతా కంటి ముందరే.
మూత విప్పితే మసి కనపడేది.
నాయన ఉప్పుకాగితంతో రెండు రుద్దులు రుద్ది
పోస్టుకార్డు మడత సందులో దూర్చి చూసి
చాలు పోనీ అనేవాడు.
రెండేండ్ల కింద తిప్పేస్వామి అల్లుడు
బెంగళూరు నుంచి ఎలక్ట్రానిక్ సెట్టు తెచ్చి వేయించినాడు.
పాయింట్లు పోయినాయి, ఉప్పుకాగితం పోయింది.
అగ్గిపెట్టెంత నల్లడబ్బీ,
లోపల తారు పోసి మూసిన గుట్టు.
తడితే పలకదు. విప్పితే సచ్చిపోతుంది.

నిన్న నేను చేయనిదేముంది?
ప్లగ్గు వైరు ఇంజిను దగ్గర పట్టి సెల్ఫు కొట్టించినా:
నీలి రవ్వ, టక్కుటక్కున.
కాయిలుకు కరెంటు వస్తాంది. ఎర్తు గీకి బిగించినా.
డబ్బీ వేడెక్కుతాందేమోనని తడిగుడ్డ చుట్టి
జ్వరమొచ్చిన బిడ్డ పక్కన కూర్చున్నట్టు
గంటసేపు కూర్చున్నా.
అంగట్లో అది ఒక్క దగ్గు దగ్గలేదు.
రోడ్డెక్కితే ఆరు మైళ్లు.

"యాడ ఆగుతాంది సామీ, ఎత్తులోనా?"
"ఎత్తులో కాదమ్మా, అదే నాకూ అర్థం కాదు.
కొండదారిలో దున్నపోతు మాదిరి లాగుతాది.
బెళుగుప్ప దారిలో, చదునుగా, నింపాదిగా
పోతాంటే
ఎవరో గొంతు పట్టుకున్నట్టు..."

ఆ మాట దగ్గర నా చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.
చదును దారి. సగం తొక్కిన యాక్సిలేటరు.
అప్పుడు కదా గాలి లాగేది,
అప్పుడు కదా డిస్ట్రిబ్యూటరు లోపల పళ్లెం
కందిగింజంత పక్కకు తిరిగేది.
ఎత్తులో కాలు పూర్తిగా తొక్కితే
మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది.

మీటరు ముళ్లు రెండూ పికప్ వైర్లకు తగిలించినా.
అంకె వచ్చింది, రావాల్సిన అంకే.
రబ్బరు గొట్టం పీకి నోట్లో పెట్టుకుని
చిన్నప్పుడు పుల్లైసు పీల్చినట్టు పీల్చినా.
పెట్రోలు చేదు. పళ్లెం కదిలింది.
అంకె మాయమై
మీటరు ఎడమ అంచున ఒంటరిగా ఒకటి.
ఊపిరి వదిలినా: అంకె.
పీల్చినా: ఒకటి.
తిప్పేస్వామి వంగి చూస్తా ఉన్నాడు,
అచ్చం రైతులు ఆయన అరచేతి వైపు చూసేటట్టు.

పచ్చ తొడుగు మీద గీత లేదు, కాలిన మచ్చ లేదు.
లోపల రాగి ఎప్పుడో తెగింది.
కదలకుంటే తెగిన కొసలు తాకుతా ఉంటాయి.
ఆ తాకిడి మీదనే ఇన్నాళ్లూ.

సౌండు సర్వీసు వన్నూరప్ప దగ్గర
పాత మైకు వైరు జానెడు అడుక్కొచ్చినా.
ఎంత మెలిపెట్టినా తెగే రకం కాదది,
హరికథలాయన చేతిలో ఎన్ని రాత్రులు తిరిగిందో.
అతికి, కొంచెం వదులు పెట్టి, దారంతో కట్టినా.

"ఇంతేనా?"
"ఇంతే సామీ."
కొంచేపు ఏమీ అనలేదు.
తర్వాత, జీపుతో చెప్పినట్టు,
"మొన్న శెట్టూరులో నేను చూపిన చోట
ఆరు వందల అడుగులు ఏసినారు. దుమ్ము."
ఏమనాలో తెలియక
బాగానే ఉన్న ప్లగ్గు మూతల్ని
మళ్లీ ఒకసారి నొక్కినా.

రెండు వందలు తీసుకున్నా.
జీపు బెళుగుప్ప దారి పట్టింది.
అంగడి మెట్ల మీద నిలబడి విన్నా
చింతచెట్ల మలుపు దాకా, ఆ తర్వాత కూడా.
శబ్దం సన్నబడింది గాని తెగలేదు.

కోసి తీసిన వైరు ముక్క బల్ల మీదనే ఉంది.
వేళ్ల మధ్య వంచితే
అన్నిచోట్లా బిర్రుగా నిలబడి
ఒక్కచోట మాత్రం
మెత్తగా మడిచిపోతుంది.