బండి ఱ

తెలుగు నేను తలకిందులుగా నేర్చుకున్నాను.
తంబుచెట్టి వీధిలో, మేడ కింది చీకటి గదిలో,
సీసపు అక్షరాలు ఎదురు తిరిగి చూస్తుంటే
ఏది కొమ్మో ఏది కొమ్ముదీర్ఘమో వేళ్లతో తడిమి.
ఇంట్లో అరవం. చేతుల్లో తెలుగు.
అర్థం చాలా ఏళ్లకి వచ్చింది,
బాకీపడ్డ చందాలాగా.

కందర్ప భైరవమూర్తి పంతులు నెలకోసారి
'చలివేంద్రం' తీసేవారు.
ముప్పైరెండు పేజీలు, కాలణా బిళ్ల,
అట్ట మీద కుండ బొమ్మ.
దిమ్మె పగిలినప్పట్నుంచీ ఆ కుండ కారుతున్నట్టే పడేది.
"పడనీ తాండవరాయా, నీళ్లున్నాయనైనా నమ్ముతారు."

సంపాదకీయం ఆయనే. వంటింటి వైద్యం ఆయనే.
జపాను సంగతులూ ఆయనే.
డిటెక్టివు నవల పదకొండో ప్రకరణంలో
హంతకుడెవరో ఆయనకే తేలక
హార్బరు దాకా నడిచి వచ్చేవారు.

పాఠకుల ఉత్తరాలు కూడా.
ఒకటే సిరా, ఒకటే వంకర దీర్ఘం, నాకు తెలీదా?
బొబ్బిలి మేస్టరు పొగిడేవాడు,
గుత్తి ప్లీడరు తిట్టేవాడు,
నరసాపురంలో లేసు అల్లుకునే పేరిందేవి
ఇద్దరికీ సర్దిచెప్పేది.

వి.పి.లు వెళ్లేవి. వెళ్లినవి వెళ్లినట్టే
"పుచ్చుకోలేదు" అని మొహాన రాయించుకుని వచ్చేవి.
మూణ్ణెల్లకోసారి నా జీతం ఆ ప్రతులే.
చైనాబజారులో తూకానికి అమ్మితే
ఓ సాయంత్రం మా ఇంటికే తిరిగొచ్చింది పేరిందేవి,
ఉప్పు పొట్లమై.

ఎండెన్ ఓడ గుళ్లు కురిపించిన రాత్రి
ఊరు ఊరంతా మూటలు కట్టుకుంది.
కేసులు బోర్లాపడి గది నిండా అక్షరాలు.
తెల్లారి నేను చీపురుతో వెళ్లేసరికి
పంతులు గొంతుక్కూర్చుని ఏరుతున్నారు
బియ్యంలో రాళ్లు ఏరినట్టు.
"మీరు పోలేదా?"
"ఒత్తులింకా దొరకలేదయ్యా."
అన్నీ దొరికాయి చివరికి, బండి ఱలు తప్ప.
ఆ నెల కఱవు మీద వ్యాసం.
భయపడుతూ మామూలు ర పెట్టి ప్రూఫు చూపించాను.
కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు.
"కరువు కదా, బండి కూడా అమ్ముకున్నాం" అని
అప్పుడు నవ్వారు.

ఒకసారి పర్లాకిమిడి నుంచి ఒకావిడ
పేరిందేవికి ఉత్తరం రాసింది.
అక్కా, నేను అటక మీద దాక్కుని చదువుతాను,
మీరు ఎక్కడ కూచుని చదువుతారు, అని.
పంతులు ఆ రాత్రి దీపం తగ్గించలేదు.
జవాబు నాకివ్వలేదు, తామే వెళ్లి టపాలో వేశారు.
నిజం చెప్పేశారో, అక్కగానే రాశారో,
నేను అడగలేదు.
తొమ్మిదేళ్లు నడిచాయి ఆ ఉత్తరాలు.
అర్ధణా బిళ్లలు నా జీతంలోంచే పోయాయని
ఇప్పటికీ అనుమానం.

తుపాను వారంలో పోయారు.
వీధిలో మోకాలి లోతు నీళ్లు, పాడె ఎత్తి పట్టుకుని నడిచాం.
పత్రికలో నల్లగీత కట్టాలి, నాలుగు ముక్కలు వెయ్యాలి.
రాసిచ్చే మనిషి లేడు.
కాగితం లేకుండా, నేరుగా స్టిక్కులోకి,
జన్మలో మొదటిసారి నా మాట నేనే కూర్చాను:
పంతులుగారు మొన్న రాత్రి పోయారు.
ఇది ఆఖరి సంచిక.
చందా బాకీ ఉన్నవారు పంపనక్కర్లేదు.
కింద ఎవరి పేరు పెట్టాలో తోచలేదు.
వేళ్లే పోయి ఏరుకొచ్చాయి:
ఇట్లు, పేరిందేవి, నరసాపురం.
నాలుగు తప్పులు పడ్డాయి. దిద్దేవాళ్లు లేరు.

పది రోజులకు టపా మనిషి వచ్చాడు.
పదకొండు ఉత్తరాలు, అన్నీ పేరిందేవికే.
ధైర్యంగా ఉండమ్మా, అని బరంపురం.
అక్కా, అన్నం మానకండి, అని తెనాలి.
గుత్తి నుంచి నిజంగానే ఒక ప్లీడరు
ఎనిమిదేళ్ల చందా మనియార్డరు చేశాడు.

పన్నెండోది పర్లాకిమిడిది.
అదొక్కటే పంతులుగారి పేర వచ్చింది,
పోయారని చదివిన తర్వాత రాసింది.

విప్పలేదు.
కేసులో ఱ గడి ఖాళీగానే ఉంది కదా,
మడిచి అందులో పెట్టాను.
పూర్తిగా పట్టలేదు. అంచు బయటికి కనిపిస్తూనే ఉంటుంది.