ఎడమ భుజం

నలభై ఒకటోసారి చచ్చాక
గ్దీనియా రేవు పక్క, సరిగా వేడెక్కని గదిలో
దోబ్రోహ్నా కంట్రోలర్‌ని ఒళ్లో పడేసుకుంది.

ఈసారి చేతికొచ్చింది కొరడా.
నిన్న సమ్మెట, మొన్న తుప్పుగొడ్డలి,
ఒకసారైతే, నిజం, అట్లపెనం.
ఏది దొరికితే దాంతోనే.
బతిమాలితే వినే ఆట కాదు.

ఉప్పురాజు మళ్లీ లేచాడు.
దెబ్బకు ముందు, రెప్పపాటు,
ఎడమ భుజం వేలెడంత పైకి లేస్తుంది.
ఇన్నాళ్లూ కత్తినే చూసింది తను.
పక్కకు దొర్లింది.
దెబ్బ ఖాళీ నేలకు తగిలింది.

గెలవలేదులే.
వాడికి రెండో ప్రాణం ఉందని ఎవరు చెప్పారు!

పొద్దున చేపల డబ్బాల ఫ్యాక్టరీలో
సూపర్‌వైజర్ లుబోమిర్ నవ్వుతూ వచ్చాడు,
"చిన్న మాట" అంటూ.
భుజం లేచింది.

ట్రే దించి, చేతులు తుడుచుకుని
దోబ్రోహ్నా అడిగింది:
"ఎంతమందిని తీసేస్తున్నారు?"