తడి తగలని రోజు

కాకినాడ నుంచి వచ్చిన పిల్ల
నా ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మేర
పచ్చటి క్రీము రాసి, పైన పట్టీ అంటించింది.
"ఇరవైనాలుగ్గంటలు తడి తగలనీకండి నూకరత్నంగారూ."
గారూ అన్నందుకు నవ్వొచ్చింది గానీ
తడి దగ్గర ఆగిపోయాను.

గాడిమొగలో తడి తగలని చోటేదమ్మా?
ఎదర పాయ, వెనకాల రొయ్యల చెరువులు,
గోడకి చెమ్మ, పోటొస్తే గుమ్మందాకా ఉప్పునీరు.
గాలివి కూడా తడి చేతులే ఇక్కడ.

పన్నెండేళ్ళప్పుడు యానాం మేడల్లో పాచిపని.
తర్వాత చెరువుల్లో పాచి తీత.
మొలలోతు నీళ్ళలో గెడకి చుట్టి లాగితే
అమ్మోరి జడలా వచ్చేది.
గట్టున కుళ్ళిన ఆ వాసనకి
బస్సులో పక్క సీటు నాకోసం ఖాళీ అయ్యేది.

ఇప్పుడదే పాచిని
వలల మీద ఆరబెట్టి, ఇసక దులిపి,
తూకమేసి పట్టుకెళ్తున్నారు.
ఏంచేస్తారంటే, మొహానికంట!
పాచి మొహం కడుక్కోడానికి మనకి తెల్లారుద్ది,
కడిగిన మొహానికి వాళ్ళు పాచి పూస్తారంట!
షెడ్డంతా నవ్వాం.
సామ్రాజ్యం నవ్వలేదు,
దాని వేళ్ళ సందులు నీళ్ళకి ఒరిసిపోయి ఉన్నాయి.

ఆ రోజు మా ఆయన బియ్యం కడిగాడు.
సగం కాలవ పాలు.
నేను గుమ్మంలో కూర్చున్నా బాలింతలా.
పొద్దెక్కేకొద్దీ చర్మం బిగిసింది,
మెటికల మీద ఉప్పు తెల్లగా గీతలు గీసింది.
ఎండిన చెయ్యి చప్పుడు చేస్తుందని
నలభై ఆరేళ్ళొచ్చాక తెలిసింది,
చీరకి రుద్దితే తాటాకులా.

మర్నాడు పట్టీ ఊడబీకి, భూతద్దంతో చూసి
"ఎరుపు లేదు, దురద లేదు" అని రాసుకుంది.
ఆ పక్కనే ఉన్న పగుళ్ళకి
కాగితంలో గడి లేదు.

పట్టీ కింది చోటు మాత్రం
లేతకొబ్బరిలా మెత్తగా,
ఎవరి చంటిదాని చర్మమో తెచ్చి అతికించినట్టు.
బొటనవేలితో తడిమి చూశాను.
ముందు బొటనవేలి గరుకే తగిలింది.

సీసా ఎంతని అడిగాను. చెప్పింది.
ఎన్ని వలల పాచో లెక్కేస్తూ
మధ్యలో లెక్క తప్పి వదిలేశాను.

గెడ తీసుకుని చెరువులోకి దిగాను.
నీళ్ళు మోకాళ్ళు దాటి, మొల దాటి,
ఆ రూపాయి బిళ్ళంత చోటు మునిగే ముందు
ఎందుకో చెయ్యి కాసేపు పైకెత్తి పట్టుకున్నా.
అవతలి గట్టు నుంచి సామ్రాజ్యం కేకేసింది:
"ఎవర్నే, పిలుస్తున్నావు?"