గంటల పుస్తకం

మూడు కాలేజీలు మూడు రకాలుగా పలికాయి ఫోన్లో.
మొదటిది, నేను పేరు చెప్పకముందే
"కంగ్రాచ్యులేషన్స్ మేడమ్" అంది.
రెండోది ఇరవై శాతం తగ్గింపు, ఈ రాత్రి పన్నెండు దాకే అంది,
మంచం కొనమన్నట్టు.
"నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా?" అని అడిగితే
అవతలి గొంతు కాసేపు మంచినీళ్లు తాగింది.
మూడో చోట ఎవరో పెద్దావిడ, విసుగ్గా:
"పాఠాలు తెర మీద. చేతులు మాత్రం మంచం పక్కనే ఉండాలి.
ఐదొందల గంటలు, గంటగంటకీ డాక్టరు సంతకం.
నైట్ డ్యూటీలతో పడలేక సగం మంది మానేస్తారు.
ఆలోచించుకో."
నన్ను వద్దన్న చోటే చేరాను.

ఫీజు కోసం చీటీ ముందే పాడేశాను.
ఎనిమిది వేలు తరుగు.
పలాస జీడి ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన
లెక్క విని, నల్లబడ్డ వేళ్లు చూసుకుని
"ఈ మరక పోదు. సదువూ అంతేలే" అన్నాడు.
పొగడ్తో కాదో నేను తేల్చుకోలేదు.

కవిటిలో సిగ్నల్
పిలిస్తే రాదు, విసిగి లేచిపోతుంటే వస్తుంది.
ఆసుపత్రి డాబా మీద నీళ్ల ట్యాంకుకి తూర్పున
రెండు ఇటుకల మధ్య ఫోను నిలబెడితే
ఫార్మకాలజీ మేడమ్ ముఖం
ముక్కలు ముక్కలుగా దిగుతుంది.
"కిడ్నీ పేషెంటుకి డోసు సగానికి..." అని ఆగిపోతుంది.
సగానికి దించాలా? సగానికే ఆపాలా?
కొబ్బరాకుల మీద గాలి తప్ప జవాబు లేదు.
మిగతా వాక్యం కింద వార్డులో,
పాత కేసు షీట్లలో వెతుక్కున్నాను.

కింద పది మంచాలు, పది యంత్రాలు.
నాలుగు గంటలు మనిషి నెత్తురు
ఊరు తిరిగి ఇంటికొస్తుంది.
ఆ నాలుగు గంటలే నా లైబ్రరీ.
ఒళ్లో పుస్తకం, చెవి అలారం మీద.

ఆరో మంచం ఢిల్లేసు అడిగాడు:
"ఏటి సిస్టరమ్మా, ఈ వొయసులో పరీచ్చలేటి నీకు?"
"పాసైతే నీ రిపోర్టు చూసి
కొన్ని మాటలు నేనే చెప్పొచ్చు."
"ఇప్పుడు సెప్తన్నావు గాదేటి?"
"ఇప్పుడు నోటితో. అప్పుడు కాయితం మీద."
అతను చాలాసేపు ఆలోచించాడు.
"కాయితం మీదైతే
రెండు గలాసులు నీళ్లు ఎక్కువ తాగనిస్తావేటి?"
వార్డంతా నవ్వింది. నేనూ.
నవ్వుతూనే అతని పాదం వాపు నొక్కి చూశాను.
గుంట పడింది, తొందరగా లేవలేదు.

రెండో సెమిస్టర్లో ప్రశ్న:
దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి కారణాలు రాయుము.
షుగర్ రాశాను. బీపీ రాశాను. రాళ్లు రాశాను.
తర్వాత గీత వెలిగి ఆరుతూ నిలబడింది.
షుగర్ లేని ఢిల్లేసు,
బీపీ ఎరగని, నలభై దాటని లోలాక్షి,
ఆమె పక్క మంచం మీద ఆమె తమ్ముడు.
మా నూతులు తెలుసు, మా ఎండ తెలుసు,
ఎవరెవరో వచ్చి సీసాల్లో పట్టుకెళ్లిన నీళ్లూ నెత్తురూ తెలుసు.
"ఇంకా తెలియదు" అని రాశాను.
అర మార్కు వేశారు.
ఆ అర మార్కు మీద కోపం ఇప్పటికీ పోలేదు.

పుస్తకంలో నాలుగొందల పదహారు గంటలు నిండాయి.
సంతకాలు పెట్టే డాక్టరుగారికి బదిలీ అయింది.
కొత్తాయన రాలేదు.
ఖాళీ కుర్చీ మీద ఫ్యాను మానకుండా తిరుగుతోంది.
మిగిలిన ఎనభై నాలుగూ
ఎవరి పెన్నులో ఉన్నాయో.

ఈలోగా తెల్లారింది. మొదటి షిఫ్టు.
ఢిల్లేసు ఎడమ చెయ్యి చాపాడు.
ఫిస్టులా మీద వేళ్లు ఆనించాను.
చర్మం కింద జుమ్మని,
డబ్బాలో పడ్డ తుమ్మెద రొద.
ట్యాంకు పక్కన ఏ రోజూ ఇంత బలంగా దొరకలేదు.
"ఉందా?" అన్నాడు.
"ఉంది" అన్నాను.
సూది గుచ్చి, టైము రాసుకున్నాను,
సంతకం గడి ఖాళీగా వదిలి.